నీళ్లు వద్దన్నవాడు

హరికిషన్‌ను బొల్లారం అవతలి ఫ్యాక్టరీలో పనికి పెట్టించింది బిక్షమే. హరి, బిక్షం భార్య పుష్పమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. పెళ్లయి రెజిమెంటల్ బజార్‌కు కాపురానికి వచ్చినప్పుడు పుష్పమ్మ వాడి చెయ్యి పట్టుకునే వచ్చింది. పిల్లలు లేని ఆ ఇంట్లో వాడు బామ్మర్దిగా అడుగుపెట్టి కొడుకుగా పెరిగాడు.

నేలలు, పాత్రలు కడిగే మందులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. బిక్షం అక్కడ పన్నెండేళ్లుగా కాస్టిక్ సోడా కలుపుతున్నాడు. ఆ తెల్లటి పలుకులు నీళ్లలో పోయగానే డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది. కాస్టిక్ గురించి అతనికి తెలిసిందల్లా అదే. గోడకు ఇంగ్లీషులో ఏదో కాగితం అంటించి ఉండేది. అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు హరి మోటారు పెట్టి డ్రమ్ములోని చిక్కటి కాస్టిక్ నీళ్లను ట్యాంకులోకి ఎక్కిస్తున్నాడు. రక్షణ కళ్లద్దాలు నలుగురికి ఒక్క జతే. అప్పుడవి ఇంకొకరి దగ్గరున్నాయి. పైపు బిగింపు ఊడింది. ధార సూటిగా వచ్చి హరి ముఖాన కొట్టింది.

"బావా, కండ్లు! నా కండ్లు!"

బిక్షం పరుగెత్తుకొచ్చేసరికి హరి చేతులు చాచి గోడవైపు తడుముకుంటూ పోతున్నాడు. అక్కడ కుళాయి ఉంది. ఇంకో రెండడుగులు వేస్తే చేతికి అందేదే. బిక్షానికి పొగలు కక్కే డ్రమ్ము కళ్ల ముందు మెదిలింది. వెనకనుంచి వాడి నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"నీళ్లొద్దురా హరీ! నీళ్లు తగిల్తే మసుల్తది!"

"ఒక్క మగ్గు బావా... మండుతున్నయ్..."

"నా మాటిను బిడ్డా. దవాఖానకు పోదాం పా."

హరి గింజుకున్నాడు. తర్వాత బావ మాట విన్నాడు. చిన్నప్పటినుంచీ వినడమే అలవాటు.

బిక్షం తన తువ్వాలతో వాడి ముఖం తుడిచి, బండి మీద కూర్చోబెట్టుకున్నాడు. పడిపోకుండా వెనక సూపర్‌వైజర్ విజయేందర్ పట్టుకుని కూర్చున్నాడు. అల్వాల్, లోతుకుంట దాటి కార్ఖానా సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. హరి నుదురు బిక్షం వీపుకు ఆనించి "ఇంకెంత దూరం బావా" అని అడుగుతూనే ఉన్నాడు. "వచ్చినం, వచ్చేసినం" అని బిక్షం యాభై నిమిషాలు అబద్ధమాడాడు.

దవాఖానలో డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే. "ఎంతసేపు కడిగారు?"

"కడగలే మేడం. నేనే కడగనియ్యలే. మసుల్తదని."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. వెంటనే హరిని లోపలికి తీసుకెళ్లింది. గంటకు పైగా లోపల సెలైన్ పోస్తూనే ఉన్నారు.

రెండు వారాలు గడిచాక తేలింది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతే. హరి ముఖమంతా కట్లతో కదలకుండా పడుకుని ఉన్నాడు. మంచం పక్కనే బిక్షం గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కడనే కడిగి ఉంటే, మేడం?"

"డ్రమ్ములో నీళ్లు కలిపితే వేడెక్కేది నిజమే," అన్నదామె. "కానీ ఒంటి మీద పడ్డాక ధారగా పోస్తే కొట్టుకుపోతుంది. నీళ్లే దానికి మందు. వెంటనే అరగంట ఆపకుండా పోసి ఉంటే కొంత చూపు దక్కేదేమో. మీకు ఈ మాట ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది."

ఆ మాట బిక్షం ఇంట్లో చెప్పలేకపోయాడు.

హరిని ఇంటికి తెచ్చాక చూడవచ్చిన ప్రతి ఒక్కరితో పుష్పమ్మ అదే చెప్పేది. "మా ఆయన గప్పుడు లేకుంటే నా తమ్ముడు బతికెటోడు గాదు. బండి మీద ఏసుకొని ఉరికిచ్చుకొచ్చిండు." హరి కూడా ముఖం ఎత్తి, "ఔ, బావనే కాపాడిండు," అనేవాడు. బిక్షం చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు.

అయిదు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం పుష్పమ్మ కూరగాయలకు మోండా మార్కెట్‌కు వెళ్లినప్పుడు, హరి కూర్చున్న నులకమంచం పక్కన బిక్షం నేలమీద చతికిలబడ్డాడు.

"హరీ, నీకొకటి చెప్పాలె. ఆ రోజు నేను నిన్ను పట్టుకోకుంటే..."

"నాకెర్కే బావా."

బిక్షం తలెత్తి చూశాడు.

"దవాఖానల మేడం చెప్పినప్పుడు నేను మేల్కొనే ఉన్న."

"మరి అక్కతోని గట్లెందుకంటవ్, నేను కాపాడిన్నని?"

"అక్క నన్ను జూస్తే ఏడుస్తది. నిన్ను జూసి జెర ధైర్యం తెచ్చుకుంటది. గది సుత తీసేస్తే ఆమెకేముంటది బావా?"

బిక్షం మంచంకోడు పట్టుకుని అడిగాడు. "నా మీద కోపం లేదా?"

హరి ముడతలు పడి బిగుసుకున్న చెంపను చేత్తో తడుముకున్నాడు.

"ఎందుకు లేదు? ఉన్నది. రోజు పొద్దుగాల లేవంగనే ఒక్క క్షణం ఏం యాదికుండది. కండ్లు తెరుస్త. ఏం కనపడది. గప్పుడొస్తది నీ మీద. రెండే అడుగులు బావా. నీళ్ల కాడికి నేను పొయ్యేటోణ్ణి."

"కొట్టరా నన్ను. తిట్టు."

"తిడితే తిరిగొస్తయా? నువ్వు కావాల్నని చేస్తివా?" వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "గానీ ఒక్కొక్క రోజు నీతోని మాట్లాడబుద్ధి గాదు. ఆ రోజు నన్ను పలకరియ్యకు. గంతే."

బిక్షం తల వాడి మోకాలికి ఆనించి ఏడ్చాడు. హరి తల నిమరలేదు, పక్కకు నెట్టనూ లేదు.

ఇప్పటికీ కొన్ని రోజులు హరి గోడవైపు తిరిగి పడుకుంటాడు. అన్నానికి పిలిచినా పలకడు. ఏమైందని పుష్పమ్మ ఇద్దరినీ మార్చి మార్చి అడుగుతుంది. ఆ రోజుల్లో బిక్షం వాడిని పలకరించడు. పళ్లెంలో అన్నం కలిపి మంచం పక్కన పెట్టుకుని, వాడు ఇటు తిరిగేదాకా తానూ తినకుండా కూర్చుంటాడు.