మైనస్ నలభై మూడు

వేయించగా మిగిలిన నూనె చల్లారాక ఆమె గుడ్డలో వడకట్టి సీసాలో పోస్తూంటే అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పారబోసే నూనెకి ఇంత సేవేమిటే?" అంది.

"దీంతో విమానాలు నడుస్తాయి అత్తయ్యా."

"విమానాల సంగతి తర్వాత. ముందు ఇల్లు నడవాలి. శుక్రవారం మీ ఆడపడుచు అత్తవారి తరఫు వాళ్లు పదిమంది భోజనానికి వస్తున్నారు. ఏం వండాలో ఇప్పుడే అనుకో."

ఆమె ఊఁ అంది. పదహారేళ్ల కాపురంలో ఆ ఊఁని ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకున్నారు. కానీ శుక్రవారం అనగానే నూనె పోస్తున్న చెయ్యి ఆగింది. ఏడేళ్లుగా ఆమె పనిచేస్తున్న ప్రయోగశాల, హోటళ్లు వాడి పారేసే నూనెను శుద్ధి చేసి, మామూలు విమాన ఇంధనంలో సగానికి సగం కలిపి, దాంతో మొదటిసారి మనుషుల్ని ఎక్కించి విమానం ఎగరేయబోయేది ఆ రోజే. భూమిలోంచి తోడిన నూనె మీద ఎల్లకాలం ఎగరలేమని, ఇవాళ ఆకాశంలోకి వదిలే పొగకు రేపు పిల్లలు ఉక్కిరిబిక్కిరి అవుతారని ఆమె గట్టిగా నమ్మింది. ఆ నమ్మకంతోనే రోజూ రెండు బస్సులు మారి వెళ్లేది. ఒంటికి పట్టిన మాడు వాసనతో తిరిగొచ్చి, చీర మార్చుకోకుండానే పొయ్యి వెలిగించేది. చుట్టాలు వస్తే భర్త హాస్యమాడేవాడు. "మా ఆవిడకి ఇంట్లోనూ నూనే, ఆఫీసులోనూ నూనే. జీతం మాత్రం ఒక్కచోటే." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వాక చాలాసేపు దవడలు నొప్పి పుట్టేవి.

శుక్రవారానికి మూడు రోజుల ముందు ప్రయోగశాలలో ఆఖరి పరీక్ష. గాజు గొట్టంలో ఇంధనం పోసి, పలుకులు కట్టేదాకా చల్లబరిచి, మళ్లీ మెల్లగా వేడెక్కనిస్తూ ఆ పలుకులు ఎక్కడ కరుగుతాయో చూడాలి. విమానం ఎగిరే ఎత్తున చలికి టాంకులో ఇంధనం గడ్డకట్టకూడదు. మైనస్ నలభై ఏడుకల్లా అంతా కరిగిపోవాలి. కరగలేదు. మైనస్ నలభై మూడు దాకా సన్నటి పలుకులు, ఉప్పురవ్వల్లా, మిగిలే ఉన్నాయి. ఆమె గొట్టం మార్చింది, థర్మామీటరు మార్చింది. మూడుసార్లూ అదే అంకె. కుర్చీలో కూర్చోలేకపోయింది. లేచి కిటికీ దాకా నడిచింది, తిరిగొచ్చింది, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

సంగతి విన్న ప్రయోగశాల డైరెక్టరు పరీక్ష కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. చెడ్డవాడు కాదు. ఈ నూనె కోసం ఆయనా జుట్టు నెరిపించుకున్నాడు.

"గంటన్నర ప్రయాణం మేడమ్. టాంకు అంత చల్లబడే లోపు దిగిపోతుంది. ఆ నాలుగు డిగ్రీలూ సర్దుకుందాం. ఇప్పుడు వాయిదా అన్నామా, ఎయిర్‌లైన్స్ వాళ్లు మళ్లీ మన గుమ్మం తొక్కరు. మీ ఏడేళ్లూ గంగలో పోసినట్టే. ఒక్క సంతకం."

అందులో అబద్ధమేమీ లేదు. అదే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. విమానం క్షేమంగా దిగే వీలే ఎక్కువ. కానీ ఈసారి నాలుగు డిగ్రీలు సర్దుకుంటే వచ్చేసారి ఆరు సర్దుకోమంటారు. సర్దుకోవడం ఎక్కడా ఆగదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఆ విమానంలో నేనూ ఉంటానా సార్?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె విమానం ఎక్కలేదు.

డైరెక్టరు ఇబ్బందిగా చూశాడు. "మీ పేరే మొదట రాశాం. పోయిన వారం ఇంటికి ఫోన్ చేస్తే మీవారు తీశారు. మీకు ఎత్తంటే భయమట, పైగా ఇంట్లో ఏదో పని ఉందట. మీకు తెలుసనుకున్నాను."

ఆమెకు తెలియదు. భయమన్న మాట ఆమె ఎన్నడూ అనలేదు. తను స్నానం చేస్తున్నప్పుడో, బట్టలు ఆరేస్తున్నప్పుడో ఆ ఫోన్ వచ్చి ఉంటుంది. నిమిషం కూడా పట్టి ఉండదు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఇన్నాళ్లూ తన తరఫున తను తప్ప అందరూ మాట్లాడారని మాత్రం తట్టింది. ఇప్పుడు ఈ కాగితం మీద తన పేరుతో మాట్లాడవలసింది తనొక్కతే. కలం తీసి, ఫలితం గడిలో మైనస్ నలభై మూడు అని వేసి, పక్కన 'పనికిరాదు' అని రాసి, కింద సంతకం చేసింది.

"ఒకసారి మీవారితో మాట్లాడి చూడండి," అన్నాడు డైరెక్టరు నీరసంగా.

"ఆయనకి ఈ పరీక్ష చేయడం రాదు సార్," అంది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి భర్త హాల్లో పచార్లు చేస్తున్నాడు. డైరెక్టరు ఆయనకు ఫోన్ చేయనే చేశాడు.

"పెద్దాయన అంతగా బతిమాలుతుంటే ఏమిటి నీ మొండితనం? రేపు సంతకం పెడుతుందని చెప్పాను."

"పెట్టేశానండీ. వద్దని పెట్టాను."

"మరి శుక్రవారం?"

"మీరన్నట్టే ఇంట్లోనే ఉంటాను. విమానమూ నేలమీదే ఉంటుంది."

ఆయన టీవీ పెట్టుకున్నాడు. శుక్రవారం ఆమె పదిమందికీ వండి వడ్డించింది. ఆ తర్వాత మూడు వారాలు ప్రయోగశాలలో ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఎయిర్‌లైన్స్ వాళ్లు వెనక్కి తగ్గుతారేమోనని ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. నా చేతులతోనే పంట తగలబెట్టుకున్నానా అనుకుంది. వాళ్లు తగ్గలేదు. ఆమె రాసిన రిపోర్టు చదివి, ఆ విమానం నడపవలసిన పైలట్, నడివయసు ఆవిడ, స్వయంగా వచ్చి ఇంధనం మళ్లీ శుద్ధి చేసేదాకా ఆగుతామని చెప్పి వెళ్లింది. కొత్త ఇంధనం మైనస్ యాభై ఒకటికే తేటగా కరిగింది. ఆమె సంతకం చేసింది. ప్రయాణికుల పట్టిక తెప్పించుకుని, అడుగున తన పేరు తనే రాసుకుంది.

విమానం బయల్దేరే రోజు పొద్దున గడప దాటుతుంటే అత్తగారు అడిగింది. "మధ్యాహ్నం వంటెవరు చేస్తారే?"

"తెలియదు అత్తయ్యా," అంది.

నిజంగానే ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.