అనాక్లేతో దిగాల్సిన వంతు

1980 మార్చి తొమ్మిది, ఆదివారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలు. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు. తెల్లవారుజామున మొదలైన వాన తొమ్మిదిన్నరకు వడగళ్ళుగా మారింది. సంఘం హాలు రేకుల కప్పు మీద ఆ చప్పుడుకు మొదటి పావుగంట ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. ఈ వివరాలను నేను జ్ఞాపకం నుంచి చెప్పడం లేదు. ఆనాటి తీర్మానాల పుస్తకంలో నా చేతివ్రాతతోనే ఉన్నాయి.

సాంతా ఎంగ్రాసియా తగరపు గని కార్మిక సంఘంలో నేను రాతపని చూసేదాన్ని. వారంలో ఐదు రోజులు గని బడిలో చరిత్ర చెప్పేదాన్ని. రాజధాని లా పాస్ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చాను కాబట్టి నా వాక్యంలో తప్పించుకునే సందు ఉండదని అందరూ నమ్మేవారు.

సంఘానికి ఒక నియమం ఉండేది. నాయకుడిగా ఎన్నికైనవాడు రెండేళ్ళు పైన ఉంటాడు. గడువు తీరగానే నెత్తిన దీపం పెట్టుకుని మళ్ళీ గనిలోకి దిగుతాడు. మరో రెండేళ్ళు రాయి తొలిచాకే తిరిగి పోటీ చేయవచ్చు. అతను దిగిన రోజే ఎన్నికైన జాబితాలోని తరువాతి మనిషి పైకి వస్తాడు. ఆ ఆదివారం దిగాల్సినవాడు అనాక్లేతో కొండార్కో. ఎక్కాల్సినవాడు నా భర్త తిబూర్సియో.

ఇద్దరూ పదకొండేళ్ళు ఒకే డ్రిల్లు మీద పనిచేశారు. అనాక్లేతో నడిపేవాడు, తిబూర్సియో పట్టుకునేవాడు. మొదటి నాలుగేళ్ళు కంపెనీ రిజిస్టరులో నడిపేవాడి పేరొక్కటే ఉండేది. సహాయకుణ్ణి అతనే తెచ్చుకునేవాడు. మా అమ్మాయికి జ్ఞానస్నానం నాడు అనాక్లేతో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు, నేను అతన్ని అన్నయ్యా అనేదాన్ని.

ఆ జనవరిలో గని డాక్టరు తిబూర్సియో ఊపిరితిత్తుల ఎక్స్‌రేను కిటికీకి ఎత్తిపట్టి నాకు చూపించాడు. "ఇప్పుడు దుమ్ములోంచి బయటికి వస్తే ఇది ఇక్కడితో ఆగవచ్చు టీచరమ్మా. లోపలే ఉంటే ఆగదు," అన్నాడు. కనుక ఆ మార్చి సభ నాకు సంఘంలో వంతు మార్పు మాత్రమే కాదు.

వడగళ్ళు తగ్గాక అనాక్లేతో వేదిక ఎక్కాడు. గని బూట్లు మెడలో వేలాడేసుకుని వచ్చాడు. "రేపు మొదటి షిఫ్టుకు దిగుతున్నాను. మా బావకు కుర్చీ ఇస్తున్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టిది, జాగ్రత్త," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు అతను నటించలేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

ముందు వరసలోంచి ముసలి ఎవులోహియో లేచాడు. "సైన్యం మళ్ళీ వస్తుందని రేడియోలో రోజూ చెబుతున్నారు. వాళ్ళతో మాట్లాడటం తెలిసినవాణ్ణి ఇప్పుడు గోతిలోకి దింపుతామా? మనకేమైనా మతి పోయిందా?"

"దింపాల్సిందే!" వెనుక గోడ దగ్గర, ఆడవాళ్ళ మధ్యనుంచి ప్రిమితీవా అరిచింది. ఆమె ఇద్దరు భర్తలను దుమ్ముకు అప్పజెప్పిన మనిషి. "పైన ఎక్కువకాలం కూర్చుంటే దుమ్ము రుచి మరిచిపోతాడు. ఇప్పటికే చూడండి, మెడ ఎంత తెల్లగా ఉందో!"

"స్నానం చేశాను అక్కా, సభ కదా అని," అన్నాడు అనాక్లేతో.

"చేస్తావు నాయనా. ఇకమీద రోజూ చేస్తావు."

నవ్వులు ఆగాక తిబూర్సియో చెయ్యెత్తాడు. లేచి నిలబడటానికి కొంతసేపు పట్టింది. "ఎవులోహియో తాత చెప్పింది సబబే. బావ ఉండాలి. నా వంతు నేను వదులుకుంటున్నాను," అని దగ్గుతూ కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

నియమాన్ని మార్చాలంటే వారం ఎడంగా రెండు సభల్లో చదవాలి. అది మూడో నిబంధన, రాసిందీ నేనే. ఆ ఒక్క మాట లేచి చెబితే విషయం తరువాతి ఆదివారానికి పోయేది. నేను లేవలేదు. నా భర్తకోసం అడ్డుపడిందంటారేమోనన్న సంకోచం కొంత కారణం. అనాక్లేతో లేకపోతే సంఘం నిలవదని నేను కూడా నమ్మడం అంతకంటే పెద్ద కారణం. ఎవులోహియో నన్నే వాక్యం చెప్పమన్నాడు. "సైనిక ప్రమాదం ఉన్నంతకాలం ప్రస్తుత నాయకుడికి ఈ నియమం వర్తించదు," అని చదివాను. ప్రమాదం తీరిందని తేల్చేది ఎవరో రాయలేదు. ఆరువందల చేతులు లేచాయి. ప్రిమితీవా చేతులు కట్టుకునే నిలబడింది.

ఇంటికి వెళ్ళే దారిలో తిబూర్సియోను అడిగాను: "డాక్టరు ఏమన్నాడో మరిచిపోయావా?"

"లేదే. కానీ సైనికాధికారి ముందు నిలబడి నేనేం మాట్లాడతాను? రెండు మాటలకు ఒక దగ్గు వస్తుంది. వాడు జాలిపడి వెళ్ళిపోతాడు."

మరునాడు తిబూర్సియో మొదటి షిఫ్టుకు దిగాడు.

జులైలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చి గనుల మీదికి వచ్చింది. నాయకుడిగా కొనసాగాడు గనుకనే అనాక్లేతో ఆ రోజు రాజధానిలో గని సంఘాల సమాఖ్య సమావేశంలో ఉన్నాడు. అక్కడున్నాడు గనుకనే ఒక రాయబార కార్యాలయం గోడ దూకి విదేశానికి చేరగలిగాడు. గనిలో ఉన్నవాళ్ళను సైనికులు పన్నెండు రోజులు లోపలే ఉంచి పని చేయించారు. దుమ్మును అణచే నీళ్ళ గొట్టం కట్టేశారు. పొడి డ్రిల్లింగులో దుమ్ము పిండిలా ఎగురుతుంది. తిబూర్సియో బయటికి వచ్చాక మూడు రోజులు పడుకోలేక కూర్చునే నిద్రపోయాడు.

రెండేళ్ళకు, సైన్యం గద్దె దిగాక, అనాక్లేతో తిరిగివచ్చాడు. విమానాశ్రయంలో యాభైవేల మంది చేరి అతన్ని భుజాలకెత్తుకున్నారు. పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1985లో తగరం ధర కూలి గనులు మూసేయాలన్నప్పుడు సభలో నాలుగు గంటలు మాట్లాడాడు. రేడియోలో విని మేమంతా ఏడ్చాం. గని మూతపడింది, అతని పేరు దేశమంతా తెలిసింది. ఆ పేరే కావలసిన ఒక పార్టీ 1989లో అతన్ని కార్మికశాఖ మంత్రిని చేసింది.

దుమ్ము జబ్బు పింఛనుకు గనిలో పనిచేసిన ఏళ్ళు లెక్క. తిబూర్సియోకు నాలుగేళ్ళు తక్కువ వచ్చాయి. అవి రిజిస్టరులో పేరు లేని ఆ మొదటి నాలుగేళ్ళే. డ్రిల్లు నడిపినవాడు సాక్ష్యం సంతకం పెడితే చెల్లుతాయని పింఛను బోర్డు గుమాస్తా చెప్పాడు. 1990 మే నెలలో ఆ కాగితం పట్టుకుని రాజధానికి వెళ్ళాను.

అనాక్లేతో తలుపు దాకా ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. "చెల్లెమ్మా! చూన్యో తెచ్చావా? ఇక్కడ అమ్మేది బంగాళాదుంపే కాదు, అట్ట!"

"తెచ్చాను అన్నయ్యా. మీ బావ తానే ఏరి కట్టాడు."

మూట విప్పి, మంచులో ఆరబెట్టిన ఒక ఎండు దుంపను వాసన చూశాడు. ఒక్క క్షణం పాత ముఖం వచ్చింది. తరువాత కాగితం చదివాడు, కళ్ళద్దాలు తీశాడు.

"ఇది పెట్టలేను."

"ఎందుకు? ఇందులో అబద్ధం ఉందా?"

"ఒక్క అక్షరం లేదు. అదే చిక్కు. ఒకడికి పెడితే, రేపు దేశంలో ఉన్న డ్రిల్లు సహాయకులంతా ఈ తలుపు ముందు నిలబడతారు. బోర్డు దివాలా తీస్తుంది. మంత్రి తన సొంత బావకు సాక్ష్యం చెప్పాడని పత్రికలు రాస్తాయి."

"నువ్వు మంత్రివి కాకపోతే పెట్టేవాడివా?"

"కాకపోతే ఎప్పుడో పెట్టేవాణ్ణి."

"నిన్ను మంత్రి కానిచ్చింది అతనే కదా."

అతను నవ్వబోయి మానుకున్నాడు. "నువ్వింకా బడిలోనే ఉన్నట్టు మాట్లాడతావు. ఒక్క ఏడాది ఆగమను. అందరికీ వర్తించే చట్టం తెస్తాను. మాటిస్తున్నాను."

"అతని దగ్గర ఏడాది లేదు."

"నా కారు పంపిస్తాను, ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

"సంతకం అడిగాను అన్నయ్యా."

అతని కార్యదర్శి వచ్చి ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పాడు. కాగితం మడిచి నేనే తీసుకున్నాను.

ఇంటికి చేరేసరికి తిబూర్సియో పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"బావ బాగున్నాడా?"

"బాగున్నాడు."

"దగ్గుతున్నాడా?"

"లేదు."

"చూశావా," అన్నాడు, గెలిచినవాడిలా. "వాణ్ణి దించకపోవడమే మంచిదైంది."

నేను పొయ్యిలో పుల్లలు ఎగదోశాను. అతని మాటలో తప్పెక్కడుందో నాకు తెలుసు. అది నేనే చదివి వినిపించిన వాక్యంలో ఉంది: అతను మళ్ళీ ఎప్పుడు దిగాలో అందులో లేదు. ఆ మాట ఆ స్థితిలో ఉన్న మనిషికి చెప్పలేకపోయాను.

తిబూర్సియో 1991 ఫిబ్రవరిలో, నలభై తొమ్మిదో ఏట చనిపోయాడు. సహాయకుల చట్టం 1996లో వచ్చింది. అప్పటికి బతికి ఉన్నవాళ్ళకే అది వర్తించింది. మరుసటి ఏడాది అనాక్లేతో కొండార్కో సెనేట్ అధ్యక్షుడయ్యాడు.