ముందు ఎరుపు

సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఫారాన్ని పక్కకు జరిపాడు మాస్టారు. ఇంకా పదకొండు ఉన్నాయి. చుక్క లేకపోతే తల్లిదండ్రులు అధికారి గడిలో సంతకం గీకేస్తారు, కాగితం తిరిగొస్తుంది, నెల పోతుంది. ఈ కిటుకు ఆయనకు ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదేళ్ళలో అలా పోయిన నెలలే నేర్పాయి.

ఆయన గది విద్యాశాఖ కార్యాలయంలో మెట్ల కింద ఉంది. లేచి నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన వంగే లేస్తాడు. ఒక బల్ల, మూడు కుర్చీలు, కాలు విరిగి గోడకు ఆనుకున్న నాలుగోది. బయట బోర్డు మీద ‘తల్లిదండ్రుల సహాయ కేంద్రం’ అని పెద్ద పేరే ఉంది. ఆ కేంద్రమంతా కలిపి ఈయనొక్కడే. పాఠం చెప్పడం రాదు, చదువూ అంతంతమాత్రమే, చేరింది ఫైళ్ళు మోయడానికి. అయినా అందరూ ‘ఫారాల మాస్టారు’ అంటారు. మొదట వెటకారానికి అన్నదే, తర్వాత అదే పేరైపోయింది.

మోసిన ఫైళ్ళు ఒకరోజు విప్పి చదివాడు. మాట రాని పిల్లలకు, ఒకచోట కూర్చోలేని పిల్లలకు వేరే తరగతి ఉందనీ, అయిదుగురికో టీచరు ఉంటుందనీ, ఇంటి ముందుకే బండి వస్తుందనీ అందులో ఉంది. మాట రాని ఆయన తమ్ముడు ముప్ఫై ఒక్కేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని, ఆ కిటికీ దగ్గరే పోయాడు. వాడి కోసం ఇన్ని ఉన్నాయని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఫైలు మూసి, మరుగుదొడ్డిలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాడు. అప్పటినుంచి వరండాలో కనబడిన ప్రతి తల్లినీ ఆపి చెప్పడం మొదలుపెట్టాడు. పైవాళ్ళు విసిగిపోయి, ఆ చెప్పేదేదో అక్కడ చెప్పుకోమని మెట్ల కింద బల్ల వేయించారు.

మధ్యాహ్నం అన్నం డబ్బా కడిగి వచ్చేసరికి, బట్టలు కుట్టే ఆమె కూతురితో వచ్చి కూర్చుంది. పాపకు ఏడేళ్ళ పది నెలలు. ఎనిమిది నిండితే ఆ తరగతిలో చేర్చుకోరు. పిల్లల్ని చూసి ఆ తరగతికి ఎంపిక చేసే కమిటీ మళ్ళీ కూర్చునేది మూడు నెలలకు. ఇవాళ అయితే అయినట్టు, లేకపోతే లేనట్టే. ఏడు నెలలుగా ఆస్పత్రికీ బడికీ ఈ మెట్ల కిందికీ ఆమె చెప్పులరిగేలా తిరిగింది. మామూలు బడిలో పాప అరవైమందిలో చివరి బెంచీ. అరిచిందంటే చాలు, తీసుకుపొమ్మని కబురొస్తుంది. ఆమె మిషను ఆపి పరుగెత్తాలి.

ఫారం నింపిన రోజు ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. ‘తనంతట తాను తింటుందా?’ అన్నచోట తింటుంది అని రాయమంది.

“ఎప్పుడు తిందమ్మా?”

“మొన్న తింది. సగం.”

“మిగతా సగం?”

ఆమె పాప జడ సర్దసాగింది. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చేది ఇలాంటిచోటే. బయట ఎక్కడైనా బిడ్డ గురించి గొప్పగా చెప్పుకోవచ్చు. ఈ బల్ల దగ్గర మాత్రం బిడ్డకు ఏమేం రాదో పూసగుచ్చినట్టు చెప్పాలి. తల్లులకు అది నోట రాదు. బతిమాలి, కసిరి, చివరికి అన్నీ చెప్పించి రాశాడు.

“భయంగా ఉందా అమ్మా?” అన్నాడు ఇవాళ.

“లేదు మాస్టారూ.”

ఆమె ముఖం వెలిగిపోతోంది. పాప జడలకు కొత్త రిబ్బన్లు. ఆయనకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడింటికి పైకి పిలిచారు. బల్లకు అటు డాక్టరు, ఇద్దరు అధికారులు. మాస్టారికి గోడవారగా ఒక స్టూలు. అక్కడ ఆయన నోరు విప్పకూడదు.

“నీ పేరేంటమ్మా?” అన్నాడు డాక్టరు.

పాప చెప్పింది. ఏడు నెలల్లో ఆ పేరు పాప నోట వినడం మాస్టారికి ఇదే మొదటిసారి. డాక్టరు రంగు అట్టలు ఒక్కొక్కటే ఎత్తాడు.

“ఎరుపు,” అంది పాప. “పసుపు. ఆకుపచ్చ. నీలం.”

నాలుగో అట్ట పైకి లేవకముందే నీలం వచ్చేసింది. డాక్టరు చూసుకోలేదు. “శభాష్!” అన్నాడు. అధికారులిద్దరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం గమనించాడు.

“సార్, ఇంకేదైనా ఒక్కటి అడిగి చూడండి...” అంటూ లేచాడు.

“మీరు కూర్చోండి,” అన్నాడు పెద్ద అధికారి. ఆ గొంతులో కోపం కూడా లేదు. బయట ఇంకా పద్నాలుగు మంది పిల్లలున్నారు. ‘ప్రత్యేక తరగతి అవసరం లేదు’ అని డాక్టరు రాసేశాడు.

కిందికి రాగానే ఆమె సంచిలోంచి నాలుగు దారపు రీళ్ళు తీసి బల్ల మీద వరుసగా పేర్చింది.

“వీటితోనే నేర్పాను మాస్టారూ! మూడు వారాలు, లేచింది మొదలు ఇదే పని. ఒక్కటన్నా తప్పిందా చూడండి!”

“ఎందుకు నేర్పావమ్మా?”

“కాగితాల్లో ఏమీ రాదనే రాశాం కదా. అక్కడ కూడా నోరు విప్పకపోతే అసలు చేర్చుకోరేమోనని.”

ఏ బడికైనా బిడ్డను తయారుచేసి తీసుకెళ్ళాలనే కదా ఎవరైనా అనుకునేది. ఏడు నెలలు సవాలక్ష సంగతులు విడమరిచినవాడు, అక్కడ ఏమీ రాని పిల్లల్నే చేర్చుకుంటారన్న ఈ ఒక్కటీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. డాక్టరు ఏం రాశాడో కూడా చెప్పాడు. పాపకు రంగులు వచ్చినట్టు కాదు, వరుస బట్టీపట్టిందంతే అంటే ఆమె నమ్మలేదు. నమ్మించడానికని ఆయన రీళ్ళ వరుస మార్చాడు. ఆ పని చేయకుండా ఉండాల్సింది. నీలం రీలు పాప ముందుకు తోసి, “ఇదేం రంగు తల్లీ?” అన్నాడు.

“ఎరుపు,” అంది పాప. తక్కినవి చూపించకుండానే, “పసుపు, ఆకుపచ్చ, నీలం,” అని, చప్పట్ల కోసం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

“మీరే కదా మాస్టారూ చెప్పారు. ముందు ఎరుపు చూపిస్తారు, తర్వాత పసుపు అని.”

చెప్పాడు. నెల కిందట, కమిటీ అంటే ఆమె వణికిపోతుంటే, ధైర్యం కోసం చెప్పాడు. పంతొమ్మిదేళ్ళుగా తల్లులందరికీ చెబుతూనే ఉన్నాడు. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం పోతుందని, తన పని మొత్తంలో ఆయన గర్వపడేది అదొక్కటే. ఇంకా ఎంతమంది ఇంటికెళ్ళి ఇలాగే నేర్పారో! ఆయనకు ఆ కుర్చీలో కూర్చోవడానికి సిగ్గేసింది.

సొరుగులోంచి అభ్యంతర పత్రం తీశాడు. కమిటీ లేచేలోపు పైన ఇస్తే పాపను మళ్ళీ చూస్తారు. పాప బట్టీపట్టి చెప్పింది, రంగులు తెలియవు అని రాసి ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలు పెట్టి మెల్లగా చదువుకుంది.

“పుట్టాక మొదటిసారి నలుగురిలో దీన్ని శభాష్ అన్నారు. అది కూడా అబద్ధమేనని నేను సంతకం పెట్టాలా?”

“పెట్టాలమ్మా. లేకపోతే...”

“తెలుసు మాస్టారూ.”

పెన్ను ముట్టుకోలేదు. పాప చెయ్యి పట్టుకుని లేచింది. రీళ్ళు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఎరుపు, పసుపు అంటూ పాప గొంతు గేటు దాకా వినబడింది.

కాసేపటికి ఒక తండ్రి, భుజాన నిద్రపోతున్న పిల్లాడితో తలుపు దగ్గర నిలబడ్డాడు.

“తర్వాత మమ్మల్నే పిలుస్తారట. లోపల ఏమేం అడుగుతారండీ?”

“నాకు తెలియదు,” అన్నాడు మాస్టారు.

అయిదింటికి కమిటీవాళ్ళు ఆయన నెత్తిమీది మెట్ల మీదుగా చెప్పుల చప్పుడుతో దిగిపోయారు. బల్ల మీద నాలుగు రీళ్ళూ ఆయన మార్చిన వరుసలోనే ఉన్నాయి, నీలం ముందు.