ఇంటి అర్థాలు

"మీ సారుకి ఫోన్ చేసి చెప్పేసాలే," అన్నాడు మా ఆయన, రెండో పెసరట్టు తుంచుతూ. "ఒకటో తారీకు నుంచి నువ్వు రావని. ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యి."

నేను పెనం మీద అట్టు తిరగేసి, పచ్చడి వేసి, అప్పుడు అడిగా, "ఏం చెప్పారూ?" అని. వినపడక కాదు. ఒక్కోసారి మాట చెవిలో పడ్డా లోపలికి దిగటానికి టైం పడుతుంది.

"అమ్మకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి కదా, ఇంట్లో ఎవరో ఒకరుండాలి. మీ సారు మంచోడు, వెంటనే సరేనన్నాడు. 'కుటుంబం ముఖ్యం నవీన్‌బాబూ' అని కూడా అన్నాడు."

ఎవరో ఒకరు. మా ఇంట్లో ఈ ఎవరో ఒకరికి ఊపిరాడదు. ఎవరో ఒకరు గ్యాస్ బుక్ చెయ్యాలి, ఎవరో ఒకరు పాప స్కూల్లో మీటింగుకెళ్ళాలి, ఎవరో ఒకరు చుట్టాలొస్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలి. ఆ ఎవరో ఒకరి పేరు నీహారిక. ఆ పేరు పెట్టి నన్ను పిలిచేది బస్సులోనూ, నందిగామలో వరప్రసాదరావుగారి ప్లీడరాఫీసులోనూ మాత్రమే. అక్కడ నాకో కంప్యూటరు, చెయ్యి విరిగిన కుర్చీ ఉన్నాయి. దావాలూ అఫిడవిట్లూ టైపు చేస్తా. గొప్ప ఉద్యోగమని నేనెప్పుడూ అన్లేదు. కానీ జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా, మళ్ళీ అక్కడ ఎక్కి ఇక్కడ దిగేదాకా నేను నాలాగా ఉంటా. దాన్ని ఒక్క ఫోన్‌తో తీసేసాడు, అదీ పచ్చడి అడిగే గొంతుతో. హాల్లో మంచం మీద మా అత్తయ్య కాళ్ళకి నూనె రాసుకుంటూ అంతా వింటున్నారు. మామూలుగా అయితే "బస్సులో చదువులు, ఇంట్లో అంట్లు" అని ఓ మాట విసురుతారు. ఇవ్వాళ అదీ లేదు. స్టవ్వు కట్టేసి, పాపకి కారియర్ సర్ది, బస్టాండుకి పరిగెత్తా.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక సీటు దొరకటం గగనమైపోయింది. ("మీ ఆడాళ్ళకి ఇంట్లో కాలు నిలవట్లేదు" అని దానిమీద కూడా మా ఆయన ఓ వ్యాఖ్యానం.) కానీ నాకెప్పుడూ సీటుంటుంది. బస్సు ప్లాట్‌ఫాం మీదికి తిరుగుతుండగానే జీనత్ అక్క కిటికీలోంచి లోపలికి చేతిరుమాలు ఒకటి, టిఫిన్ సంచి ఒకటి, గొడుగు ఒకటి విసిరి మూడు సీట్లు ఆపేస్తుంది. ఒకటి తనకి, ఒకటి నాకు, ఒకటి హాస్పిటల్లో నర్సుగా చేసే కృపాజ్యోతికి. "ఈ సీట్లో ఎవరున్నారండీ?" అని ఎవరన్నా దబాయిస్తే, "గొడుగుందండీ, కనపడట్లా?" అంటుంది నవ్వుతూనే. ఆమె నవ్వితే ఎదుటివాళ్ళకి పోట్లాడబుద్ధి కాదు.

జీనత్ అక్క నందిగామలో ఓ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్తుంది. వాళ్ళాయన నాగూర్ బాషా ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోల్తాడు. అక్క చదివింది మొత్తం తెలుగు మీడియమే. పెళ్ళయ్యాక, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని డిగ్రీ కట్టి, బీయీడీ చేసింది. ఆ కష్టం గురించి ఎప్పుడూ చెప్పుకోదు, నేనే అడిగి అడిగి రాబట్టా. ఎందుకు చెప్పవక్కా అంటే, "చెప్తే పాపం అంటారు, పాపం అనిపించుకోటానికా చదివింది?" అంది. నేనైతే జీలకర్ర వేయించినా నాలుగిళ్ళకి వినపడేలా చెప్తా. అందుకే ఆమెని చూస్తే నాకంత ఇది.

బస్సులో మా ముగ్గురికీ ఓ ఆట ఉంది. అక్కే పెట్టింది. రోజూ మూడు ఇంగ్లీషు అక్షరాలిస్తుంది. ఆ మూడూ పక్కపక్కన ఉన్న మాట ఒక్కొక్కళ్ళూ మర్నాటికి తేవాలి, అర్థంతో సహా. డిక్షనరీ అర్థం చెల్లదు. మన ఇంట్లోంచి అర్థం తేవాలి. ఇది అక్కకి ఏడో తరగతికి పాఠం చెప్తుంటే తట్టిందంట. ఫియర్ అంటే ఏంట్రా అనడిగితే పిల్లలంతా 'భయం, భయం' అని వల్లించారు, ఓ మూల పిల్ల మాత్రం "మా నాన్న బండి సౌండు టీచర్" అంది. ఆ రోజు నుంచీ అక్క క్లాసులో బోర్డు మీద మాట రాసి, కింద అర్థం రాయటం మానేసింది. "పుస్తకంలో అర్థం పరీక్షదాకా ఉంటది, ఇంట్లోది చచ్చిందాకా ఉంటది" అంటుంది. ఇంత చిన్న సంగతి ఇంతమంది టీచర్లలో ఒక్కరికీ తోచలేదు చూడండి.

నిన్న ఇచ్చిన అక్షరాలు ఈ, ఏ, ఆర్.

"వీటికి ఇంటిపేరు ఒకటే, కాపురాలే వేరు," అంది అక్క టికెట్లు తీసుకుంటూ. "హియర్ అంటాం, హార్ట్ అంటాం, లెర్న్ అంటాం, బేర్ అంటాం. ఒక్కటీ పక్కదానిలా పలకదు. ఊఁ, జ్యోతీ, నీది తే."

"హార్ట్. గుండె," అంది కృపాజ్యోతి. "పొద్దస్తమానం జనాలకి బీపీ చూసేదాన్ని. మొన్న నాకు గుండె దడగా ఉందయ్యా అంటే, మా ఆయన టీవీలోంచి తల తిప్పకుండా 'గ్యాసయ్యుంటది, జీలకర్ర నవులు' అన్నాడు. మా ఇంట్లో హార్ట్ అంటే గ్యాస్."

ముందు సీటావిడ కూడా నవ్వింది. అక్క నవ్వలేదు. "ఈసీజీ తీయించుకున్నావా?" అనడిగింది. తీయించుకుందని తేలాకే నవ్వింది. అదీ ఆమె వరస.

"నాది ఎర్లీ. పెందలాడే," అంది అక్క. "మా ఆయన లోడుకని తెల్లారుజామున లేస్తే, మా అత్త రజియాబీ 'పాపం బిడ్డ, కళ్ళు కూడా తెరవట్లేదు' అంటది. ఆ బిడ్డకి కారియర్ కట్టటానికి నేను అంతకంటే ముందే లేస్తా. నా కళ్ళు తెరుచుకున్నాయో లేదో ఎవరూ చూళ్ళేదు. మా ఇంట్లో ఎర్లీ అంటే మగాళ్ళు లేచే టైము. దానికి ముందున్న టైముకి పేరు లేదు."

ఎంత తేలిగ్గా చెప్పిందో. ఏడుపు లేదు, కోపం లేదు, బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు చెప్పింది. నేనూ రోజూ ఆ పేరు లేని టైముకే లేస్తున్నా, నాకెందుకు కనపడలేదూ అనుకున్నా. నాలుగు నెలల్లో ఈమె నాకెన్ని చూపించిందో. నా ఇంట్లోనే ఉన్నవి, నేను కాళ్ళతో తొక్కుకుంటూ తిరిగినవి. ఒకటో తారీకు నుంచి ఈ రుమాలు ఇంకెవరి కోసమో పడుతుంది కదా అన్నది అప్పుడు దిగింది లోపలికి. బస్సు చిల్లకల్లు దాటింది. నా వంతు వచ్చింది.

"నా దగ్గర మాట లేదక్కా," అన్నా.

అక్క నా మొహం చూసింది. జరిగింది మొత్తం చెప్పా. కృపాజ్యోతి "నిన్నడక్కుండా చేసాడా?" అని అరిచినంత పని చేసింది. అక్క సలహాలేమీ ఇవ్వలేదు. నా చేతిమీద చెయ్యి వేసి, నందిగామ వచ్చేదాకా తీయలేదు. దిగేటప్పుడు మాత్రం, "మాట బాకీ ఉన్నావు. సాయంత్రం బస్సులో ఇయ్యి," అంది.

ఆఫీసుకెళ్తే వరప్రసాదరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీవారు ఫోన్ చేసార్లే అమ్మా. మంచిది. ఇక హాయిగా ఇంట్లో రెస్టు తీసుకో," అన్నారు. రెస్టంట. మా ఇంటికొచ్చి ఒక్క పూట తీసుకోమనండి ఆ రెస్టు.

"నన్నడగలేదేంటి సార్?" అన్నా. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మీ ఆయన చెప్పాడు కదమ్మా."

"క్లయింటు కేసు వదులుకుంటున్నాడని వాళ్ళావిడొచ్చి చెప్తే, మీరొప్పుకుంటారా సార్?"

"అదెట్లా? క్లయింటు సంతకం ఉండొద్దూ?"

"మరి నేను సంతకం పెట్టలేదు కదండీ. నేను మానటం లేదు."

ఆయన ఇబ్బందిగా కదిలారు. చెడ్డమనిషి కాదు. "ఇంటి గొడవలు నాకెందుకమ్మా. సరే, ఉండు. కానీ మీ ఆయన చేత ఒక్క మాట చెప్పించు, నాకూ మర్యాదగా ఉంటుంది," అన్నారు.

మానటానికీ ఆయన మాటే, ఉండటానికీ ఆయన మాటే. మధ్యలో నేనెందుకూ, టైపు చెయ్యటానికా? వరండాలోకొచ్చి మా ఆయనకి ఫోన్ చేసా. కట్ చేసాడు. మళ్ళీ చేసా, మళ్ళీ కట్. పత్తి సీజను, ఆయన పురుగుమందుల షాపు నిండా రైతులుంటారు, నాకు తెలుసు. అయినా మనసు మండింది. అప్పుడు షాపులో గుమస్తా పుల్లయ్య బాబాయ్‌కి చేసా. మా మామయ్య కాలం నుంచీ ఉన్న పెద్దమనిషి.

"అబ్బాయి గోడౌన్లో లెక్క చూస్తన్నాడమ్మా. ఏమన్నా చెప్పాలా?"

చెప్పాలనుకున్నది వేరు. నోట్లోంచి వచ్చింది వేరు.

"చెప్పాలి బాబాయ్. ఒకటో తారీకు నుంచి ఆయన షాపుకి రారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కదా, ఇంట్లో ఎవరో ఒకరుండాలి. కన్నకొడుకు కంటే బాగా ఎవరు చూస్తారు చెప్పండి."

బాబాయ్ గట్టిగా నవ్వాడు. "ఇదిగో వినండయ్యా, మా అబ్బాయి ఒకటో తారీకు నించి ఇంట్లో వంట చేస్తాడంట" అని కౌంటరు దగ్గరున్న రైతులకి చెప్పాడు. వాళ్ళూ నవ్వారు. అందరి నవ్వూ ఫోన్లోంచి నాకు వినపడింది. నవ్వు తగ్గేదాకా ఆగా.

"బాబాయ్, నేను మానేస్తానని ఆయన మా సారుకి ఇదే మాట చెప్పాడు. మా సారు నవ్వలేదు. ఎవ్వరూ నవ్వలేదు బాబాయ్."

అవతల నవ్వు ఆగిపోయింది. బాబాయ్, "నువ్వన్నది అన్నట్టే చెప్తానమ్మా అబ్బాయికి," అన్నాడు మెల్లగా.

నేను లోపలికెళ్ళి, "మావారి చేత చెప్పించను సార్. రేపు నేనొస్తా," అన్నా. వరప్రసాదరావుగారు నన్ను కళ్ళజోడు పైనుంచి చూసి, చూసి, "ఆ వత్సవాయి పొలం తగాదా దావా పొద్దున్నే కావాలి, అయితే," అన్నారు. కుర్చీలో కూర్చుని దావా కాగితాలు ముందేసుకున్నా.

సాయంత్రం బస్సులో బాకీ తీర్చా. "హియర్ అక్కా. వినటం. మా ఇంట్లో దాని అర్థం, నేను మానేస్తానని ఆయన చెప్తే అందరూ విన్నారు, ఆయన మానేస్తాడని నేను చెప్తే అందరూ నవ్వారు."

కృపాజ్యోతి నా భుజం గట్టిగా పట్టుకుంది. జీనత్ అక్క కిటికీ వైపు తిరిగింది. ఆమె కళ్ళు నిండాయని నాకు తెలుస్తూనే ఉంది. "ఈ అర్థం ఏడో తరగతికి చెప్తా," అంది. "మా నీహారిక చెప్పిందని చెప్పి మరీ చెప్తా." ఎన్ని అఫిడవిట్లు టైపు చేసానో, ఎక్కడా నా పేరుండదు. ఇవ్వాళ ఒక మాట కింద ఉండబోతోంది. నాకు నిజంగా సంతోషమేసింది.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన నాకంటే ముందే వచ్చి హాల్లో తిరుగుతున్నాడు.

"పుల్లయ్యకి ఫోన్ చేసావంట. రైతుల ముందు పరువు తీసావు."

"పుల్లయ్య బాబాయ్ మిగతాది కూడా చెప్పాడా?"

చెప్పాడని మొహంలోనే తెలిసింది. నేను చెప్పులు విడిచి, వంటింట్లోకెళ్ళి, గిన్నెలో పెసలు పోసి నీళ్ళు పట్టా. గిన్నె తెచ్చి ఆయన ముందు టీపాయి మీద పెట్టా.

"రేపు నేను మొదటి బస్సుకి వెళ్తున్నా. ఒకటో తారీకుకీ వెళ్తా, తర్వాతా వెళ్తా. పొద్దున అట్లు మీరు పొయ్యండి."

ఆయన గిన్నె వంకా నా వంకా చూసి, మంచం వైపు తిరిగాడు. "చూసావా అమ్మా నీ కోడలు? నువ్వన్నా చెప్పు."

మా అత్తయ్య మోకాలికి నూనె రాసుకోవటం ఆపారు. గిన్నెలోకి మెడ సాచి చూసారు.

"నాకు రెండు చాల్రా," అన్నారు. "అల్లం ఎక్కువ వెయ్యమాక."