కర్ర తగలని దారి

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ మాట అన్నవాడెవడో గానీ, రిపేర్లు చేసేవాడి ఇంట్లో ఒక్క పూట కూడా ఉండి ఉండడు. ఉండి ఉంటే ఇల్లాలి జోలికి రాకుండా నోరు మూసుకునేవాడు.

ఆ ఇంట్లో తండ్రిని వీధంతా పెద్ద రిపేరు అనేది, కొడుకుని చిన్న రిపేరు అనేది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు, ఏది తెచ్చిచ్చినా ఇద్దరూ కూర్చుని బాగుచేసేవారు. బాగుపడ్డవి వెళ్ళిపోయేవి. బాగుపడనివీ, ఇచ్చినవాళ్ళు మరిచిపోయినవీ, 'ఎప్పటికైనా పనికొస్తుంది' అనిపించుకున్నవీ అక్కడే ఉండిపోయేవి. ముందుగది నిండాక నడవాలోకి, నడవా నిండాక వంటింటి గుమ్మం దాకా వచ్చేశాయి. రాత్రి నడుం వాల్చాలంటే ముందు మంచం మీది మోటార్లకు వేరే చోటు చూపించాలి. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో సర్దింది, పోట్లాడింది, ఏడ్చింది. చివరికి ఆమె కూడా ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని పక్కవాటుగా నడవడం నేర్చుకుంది.

ఓ ఉదయం పెద్ద రిపేరు మంచం మీదే గుండె పట్టుకున్నాడు. అంబులెన్సు త్వరగానే వచ్చింది. స్ట్రెచర్ మాత్రం నడవాలో పాత ఫ్రిజ్ దాకా వచ్చి ఆగిపోయింది. ఎటు తిప్పినా ముందుకు పోదు. దాన్ని వెనక్కి లాగేసి, ఆయన్ని దుప్పట్లో వేసి, టీవీ పెట్టెల మీంచి ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అందించుకుంటూ వీధిలోకి తెచ్చారు. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే, అంటూ డాక్టరు ఆగిపోయాడు. ఆ మిగతా మాట ఏమిటో పెద్ద రిపేరు భార్యకీ, కొడుక్కీ, కోడలికీ ముగ్గురికీ తెలుసు.

అంతటితో అయిందా అంటే అదీ లేదు. తండ్రి గుండె అలా ఉంటే కొడుకుది కూడా చూడాలన్నారు. చూశారు. అదే రోగం. మందులు రాసిచ్చి, బరువులెత్తొద్దనీ, ఛాతీలో ఏ మాత్రం నొప్పి అనిపించినా క్షణం ఆలస్యం చెయ్యొద్దనీ చెప్పి పంపారు.

ఆ రోజు ఆసుపత్రి వసారాలో ఖాళీ స్ట్రెచర్ ఒకటి ఉంది. కోడలు చేతిలోని తువ్వాలు దాని మీద అడ్డంగా పరిచి, వెడల్పు చూసి, అక్కడికి గుర్తుగా ముడి వేసుకుంది. అటుగా పోతున్నవాళ్ళు దుఃఖంలో మతి చలించిందనుకుని జాలిగా చూశారు. ఆమెకు మతి అప్పుడే కుదిరింది. ఆమె పనిచేసేది పార్శిల్ గోడౌనులో. అక్కడ నేల మీద దారికి రెండు వైపులా పసుపు గీతలుంటాయి. గీత లోపల అగ్గిపెట్టెంత పార్శిల్ కనబడినా సూపర్వైజరు ఇంతెత్తున లేస్తాడు. పరాయి వాళ్ళ పార్శిళ్ళకున్న దారి తన ఇంట్లో మనుషులకి లేకపోయిందే అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి పాత మాప్ కర్ర తీసింది. తువ్వాలు ముడి కొలతకు, మోసేవాళ్ళ చేతులకని చెరో వైపు పిడికెడు కలిపి, కోసింది.

అప్పట్నించి రోజూ చీకటి పడే ముందు ఒకటే పని. ఆ కర్రని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, మొగుడి మంచం దగ్గర బయల్దేరి, నడవాలోంచి, ముందుగదిలోంచి వీధి గేటు దాకా నడవాలి. కర్రకి ఏది తగిలినా అది దారిలోంచి తీసేదాకా వంటింట్లో కంచాలు పెట్టరు. ఇల్లంతా సర్దుతానని ఆమె అనలేదు. ఆ ఒక్క దారి చాలంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది అన్నాడు చిన్న రిపేరు. ఇంకా కాలని చెయ్యి ఒకటి మిగిలిందిగా, దాని కోసం అంది.

మొదట్లో నాలుగడుగులు కూడా సాగేది కాదు. భోజనాలు చల్లారేవి, మొగుడి మొహం మాడేది. మెల్లగా ఫ్రిజ్ పాత ఇనుం బండెక్కింది. ఇంకో అలవాటు పెట్టింది: ఇంట్లోకి ఒకటి వస్తే ఒకటి బయటికి పోవాలి. మరొకటి: టీ తాగుతూ ఒక్క డబ్బాలోని మేకులూ స్క్రూలూ వేరుచెయ్యాలి. ఈ చివరిది అత్తగారు తనకు తానే మీదేసుకుంది. కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని ఏరుతూ కూర్చునేది. కర్ర పట్టుకుని కోడలు వస్తుంటే పోలీసు వస్తోందిరోయ్ అని కొడుకుని హెచ్చరించేది. కర్ర దేనికీ తగలకుండా గేటు దాకా వెళ్ళిన మొదటి సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ గేటు పట్టుకుని నిలబడి, చాలా రోజుల తర్వాత నవ్వుకున్నారు.

"నన్ను సాగనంపే దారి భలే తుడిచిపెట్టారు," అన్నాడు చిన్న రిపేరు వెనకనించి.

తల్లి నవ్వు ఆగిపోయింది. ఆ మాట మళ్ళీ అనొద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఒకటి వస్తే ఒకటి పోవాలన్న నియమం దగ్గరే వచ్చింది చిక్కు. ఇనుం బండివాడు వీధిలో కేకేసినప్పుడల్లా చిన్న రిపేరు ఏదో ఒక రేడియో చేతిలోకి తీసుకునేవాడు. దాని వెనక తండ్రి చేతిరాత అంటించి ఉండేది, కాయిల్ పోయింది అనో, నాబ్ దొరకలేదు అనో. చదివి, అక్కడే నిలబడిపోయేవాడు. బండి వెళ్ళిపోయేది. తల్లి వచ్చి, ఇలా తే అని అతని చేతిలోంచి తీసుకుని తన గదిలోకి పోయేది. నడవా చివర వంటింటి పక్కన చిన్న గది ఆమెది. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఒక్కొక్కటే తిప్పుకుంది. టేబుల్ ఫ్యాన్లు వెళ్ళాయి, ఇస్త్రీపెట్టెలు వెళ్ళాయి, పెద్దాయన కట్టిన స్పీకరు పెట్టెలు వెళ్ళాయి. కొడుక్కి పారేసే బాధ తప్పింది, కోడలికి దారి దక్కింది. ఇద్దరిలో ఎవరికీ ఫిర్యాదు లేదు.

ఓసారి అత్తగారు తలుపు సగమే తెరిచి, భుజం ముందు పెట్టి లోపలికి దూరడం కోడలి కంటబడింది. తొంగి చూసింది. మంచం చుట్టూ గోడల్లా పేర్చి ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యా? మీరెలా తిరుగుతున్నారు ఇందులో?"

"తిరగడానికేముందమ్మా, పడుకోవడానికేగా. నాకేం రోగం? దారి కావల్సింది వాడికి."

కోడలు సెలవు రోజు చూసి తీయిద్దామనుకుంది. ఆ సెలవు రోజు బట్టలు ఉతకడానికి పోయింది, ఆ పై సెలవు మందుల షాపుకి పోయింది. కర్ర మాత్రం ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

ఎండ నడినెత్తి మీదున్న వేళ, కోడలు ఇంట్లోనే ఉన్న రోజున, ఆ గదిలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. వరసగా సామాన్లు కూలిన చప్పుడు. చిన్న రిపేరు చేతిలోది వదిలేసి పరిగెత్తాడు. తలుపు వేలు దూరేంత తెరుచుకుని ఆగిపోయింది. వెనక ఏదో అడ్డం పడి ఉంది, దాని మీద ఇంకేదో.

"అమ్మా!"

లోపల్నించి గొంతు వచ్చింది. కళ్ళు తిరిగాయట. పట్టుకుందామని స్పీకరు పెట్టె మీద చెయ్యేస్తే మొత్తం మీదికొచ్చిందట. ఛాతీలో బిగించినట్టుందని, అదేదో వేరేవాళ్ళ సంగతిలా చెప్పింది. కోడలు ఫోను చేసింది. అతను తలుపుకు భుజం ఆనించి తోస్తున్నాడు, మొహమంతా చెమట.

"నువ్వు తొయ్యకు నాన్నా," అంది తల్లి లోపల్నించి. "నీ గుండెకి మంచిది కాదు. వాళ్ళు వస్తారుగా, దారి బాగానే ఉంది."

అతను తొయ్యడం ఆపలేదు. కోడలు అతన్ని లాగేసి తను తోసింది. ఇద్దరూ కలిసి తోశారు. తలుపు ఇంకో వేలు కదిలింది.

అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒకడు పెద్దాయనప్పుడు వచ్చినవాడే. ఈసారి స్ట్రెచర్ గేటులోంచి ముందుగదిలోకి, నడవాలోకి ఎక్కడా తగలకుండా, ఆగకుండా వచ్చేసింది. అతను చుట్టూ చూసి, భలే సర్దారమ్మా, ఇంతకీ మనిషెక్కడ అన్నాడు. చిన్న రిపేరు తలుపు చూపించాడు.

తలుపు లోపలికి తెరుచుకునేది. కాబట్టి బందుల స్క్రూలు లోపలివైపే ఉన్నాయి. వీధిలో ఎవరి తలుపైనా నిమిషంలో ఊడదీసేవాడు, ఆ తలుపు ముందు స్క్రూడ్రైవరు పట్టుకుని ఉత్తినే నిలబడ్డాడు. కిటికీకి ఇనుప ఊచలు. ఆఖరికి సుత్తి తెచ్చి తలుపు పలక పగలగొట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి ఆమె, మెల్లగా కొట్టరా, ముందున్నవి మీ నాన్న కట్టినవి అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. అతను అమ్మా అమ్మా అని పిలుస్తూనే కొట్టాడు. స్పీకరు పెట్టెలు, రేడియోలు చేతికందినవి అందినట్టు విసిరేస్తూ లోపలికి దూరాడు.

ఆమెను దుప్పట్లోనే తేవాల్సి వచ్చింది. గుమ్మం దాటాక స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. అక్కణ్ణించి గేటు దాకా అడ్డేమీ లేదు. ఆసుపత్రిలో డాక్టరు ఈసారి ఆ మాట కూడా అనలేదు, తల అడ్డంగా ఊపాడు. కోడలికి ఆ క్షణాన ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. అత్త మీద వచ్చింది, నాకేం రోగం అన్నందుకు. మొగుడి మీద వచ్చింది. అందరికంటే ఎక్కువ ఆ కర్ర మీద వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని మోకాలికి ఆనించి విరవబోయింది. అది విరగలేదు. మూలకు విసిరేసి కూర్చుంది.

కొన్నాళ్ళ పాటు ఆ ఇంట్లో ఎవరూ కర్ర పట్టలేదు. చిన్న రిపేరు తల్లి గదిలో సామాను మొత్తం ఇనుం బండికెత్తించాడు. వెనక అంటించిన చీటీలు ఈసారి చదవలేదు. గది ఖాళీ అయింది. మంచం ఒక్కటీ మిగిలింది.

ఆ సాయంత్రం అతను మూలనున్న కర్ర తీసుకుని తల్లి గదిలోకి వెళ్ళాడు. అడ్డంగా పట్టుకుని, మంచం దగ్గర నిలబడ్డాడు.

"అక్కడ ఎవరున్నారండీ ఇప్పుడు?" అంది కోడలు.

"ఇక్కణ్ణించే మొదలెట్టాల్సింది మనం," అన్నాడు.

తలుపు లేని ఆ గుమ్మంలోంచి నడవాలోకి, ముందుగదిలోకి, గేటు దాకా నడిచాడు. కర్ర దేనికీ తగల్లేదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు పెట్టింది.