దీప మేడమ్ విన్న గొంతు

ముప్పై ఏళ్లు దాటినా మా ఆయన భరత్ గొంతు ఆడపిల్ల గొంతులా సన్నగానే ఉండిపోయింది. కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. ఆయన ఫోనెత్తితే గిరాకీలు "అక్కా, జర మీ సార్‌కియ్యి" అనేవాళ్లు. చివరికి విసిగిపోయి, హన్మకొండలో దీప మేడమ్ అనే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు.

రోజూ పొద్దున తలుపేసుకుని, గొంతు మీద వేలితో నొక్కి, దగ్గి, "మ్‌మ్" అని సాగదీసేవాడు. నేను వెళ్తే ఆపేసేవాడు. నెల తిరిగినా నాతో అదే కీచుగొంతు.

"మేడమ్ ముందర మంచిగనే దిగుతాంది. ఇంట్ల వస్తలేదు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏడేళ్లు కాపురం చేసింది నేను. నవ్విన వాళ్ల నోళ్లు మూయించింది నేను. మంచి గొంతేమో ఆమెకా?

"ఆమె ఎట్లుంటది?" అని అడిగాను.

"మంచిగ చెప్తది."

నేనడిగింది అది కాదు.

మర్నాడు పక్కింటి యమునక్క ఫోన్ నుంచి దుకాణానికి చేశాను. "హలో, భరత్‌ను. చెప్పుండ్రి," అంది నిండైన మగగొంతు. చప్పున పెట్టేశాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. గిరాకీలకూ ఉంది, నాకే లేదు.

గురువారం చెప్పకుండా ఆయన వెనకే వెళ్లాను. మేడమ్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. దీప మేడమ్‌కు యాభై దాటాయి, తల నెరిసింది. అయినా నా కడుపుమంట చల్లారలేదు.

"పరాయోళ్లతోని అయింది. ఇగ ఇంట్లోళ్లతోని మాట్లాడాలె. మీ భార్యను పేరు వెట్టి పిలువుండ్రి," అంటోంది.

"మా ఇంట్ల పెండ్లాన్ని పేరు వెట్టి పిలువం మేడమ్. మా అమ్మ ఊకోదు."

"ఇక్కడ మీ అమ్మ లేదు గదా."

నిజమే. ఏడేళ్లుగా నేను "ఇగో", "ఇనవడ్తాందా"నే. ఆయన గొంతు మీద వేలు పెట్టుకుని దగ్గాడు. "వినోద," అన్నాడు. చివర్లో గొంతు పైకి ఎగిరింది. సిగ్గుతో తల దించుకుని మళ్లీ అన్నాడు. ఈసారి నిలబడింది.

నాకు ఏడుపొచ్చింది. నా పేరు అంత బాగుంటుందని నాకే తెలియదు. కానీ దాన్ని ముందు విన్నది ఆమె.

తలుపు నెట్టి లోపలికి వెళ్లాను.

"మేడమ్, మీరు జర బయట కూసోండ్రి," అన్నాను.