సీటు నంబరున్న టికెట్టు

నేను ఒక రైలు టికెట్టుని. మ్యూనిక్ నుంచి వెరోనాకి, రెండో తరగతి, ఒక పెద్దాయన పేర. పుట్టింది మాత్రం గుంటూరు బ్రాడీపేటలో, ఒక జిరాక్స్ షాపులో. నాకు ముందు ప్రింటరులోంచి వచ్చింది ఎవరిదో కరెంటు బిల్లు, నా వెనక వచ్చింది పెళ్ళి భోజనాల మెనూ. ఆ రెండింటి మధ్య వేడివేడిగా జారిపడ్డ నన్ను చూసి షాపతను "యూరపా సార్!" అని కళ్ళెగరేశాడు. నేను పొంగిపోయాను. ఆ తర్వాత పొంగిపోయే అవకాశం పెద్దగా రాలేదు.

నన్ను కొన్నాయన అల్లం బాలశౌరి గారు, కాలేజీలో కామర్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన అక్క ఇన్నమ్మ వయసులో ఉండగానే మఠంలో చేరింది. సిస్టర్ బెర్నదెత్త అయి, ఇటలీ వెళ్ళి, వెరోనా ఊరిచివర కాన్వెంటులో రోగులకు సేవ చేస్తూ ముసలిదైపోయింది. కొన్నాళ్ళుగా ఆమెకు మతిమరుపు. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత ఇటాలియన్ పోయింది. చివరికి మిగిలింది ఫిరంగిపురంలో చిన్నప్పుడు మాట్లాడిన తెలుగు. అది అక్కడ ఎవరికీ రాదు. దానికి తోడు రెండు కళ్ళకీ శుక్లాలు. చూపు ఆనక, మాట అందక, ఎవరు చెయ్యి వేసినా ఉలిక్కిపడి అరుస్తోంది.

ఆపరేషను చేసేటప్పుడు మనిషి కదలకుండా పడుకోవాలి. "కదలొద్దు అని ఆమెకు తెలిసే భాషలో చెప్పేవాళ్ళు పక్కనుంటేనే చేస్తాం" అన్నారు డాక్టర్లు. ఒక మంగళవారం పొద్దుటికి తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. ఈ సంగతి ఫోనులో చెప్పింది ఇంగ్లీషు వచ్చిన సిస్టర్ జొవాన్నా. చివరగా, "వచ్చే ఏడాదికి ఆమె దగ్గర తెలుగైనా మిగులుతుందో లేదో" అంది.

బాలశౌరి గారు వెంటనే బయల్దేరడానికి సిద్ధమయ్యారు. వీసా వచ్చింది. మ్యూనిక్ దాకా విమానం దొరికింది. అక్కడినుంచి రైలు. ఆ రైలు టికెట్టు ముందుగా ఎక్కడ కొనాలన్న దగ్గర మనిషి ఆగిపోయారు. ఇంట్లో టికెట్ల వ్యవహారమంతా భార్య ఫిలోమినా చూసుకునేది. ఆమె పోయాక ఆయన విజయవాడ వెళ్ళాలన్నా స్టేషనుకి రెండుసార్లు వెళ్ళి అడిగి వచ్చేవారు.

సాయంత్రం పూట కాఫీకి వచ్చే ప్రభాకరమూర్తి గారు అదే కాలేజీలో ఫిజిక్సు చెప్పిన స్నేహితుడు. ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎంత వాదించుకున్నారో తర్వాత వాళ్ళ మాటల్లోనే చాలాసార్లు విన్నాను.

"అక్కడికెళ్ళి స్టేషన్లో కొనుక్కోవచ్చు గదరా."

"ఆ రోజుకి రేటు ఆకాశంలో ఉంటుందంటగా. అసలు దొరక్కపోతే?"

"పోనీ అన్ని దేశాలవీ ఒక్కచోటే అమ్మే సైటు ఉందిగా. ఇంగ్లీషులో సుబ్బరంగా ఉంది."

"వాడు మధ్యవాడు మూర్తీ. రేపు రైలు రద్దయితే రైల్వేవాడు వాణ్ణి అడగమంటాడు, వాడు రైల్వేవాణ్ణి అడగమంటాడు. ఈ బ్యాగేసుకుని నడుమ నేను."

"నీకు రైలు మీద కంటే రద్దు మీద నమ్మకం ఎక్కువరా శౌరీ!"

ఇలా మూడు వారాలు. ఈలోగా రేటు పెరుగుతూ పోయింది. చివరికి రైల్వే వారి సొంత సైటులోనే కొనాలని తేల్చుకున్నారు. మంచి నిర్ణయమే. కానీ డబ్బు కట్టబోయే ముందు ఆ సైటు రెండు రకాల టికెట్లు చూపించింది. ఒకటి ఆ రోజు ఏ రైలైనా ఎక్కే టికెట్టు, దానికి సీటు నంబరు లేదు. రెండోది ఒక్క రైలుకే చెల్లుతుంది. దానికి బోగీ, సీటు నంబర్లు వేసి ఇస్తారు.

"సీటు నంబరు లేదంటే?" అన్నారు బాలశౌరి గారు కంగారుగా.

"జనరల్ బోగీ. లేదా వెయిటింగ్ లిస్టు."

"ఈ వయసులో జనరల్లో నిలబడి ఆల్ప్స్ కొండలు దాటమంటావా?"

"సీటు నంబరు లేనిది టికెట్టేంట్రా, చీటీ. కన్ఫర్మ్ అయింది తీసుకో."

ఎక్కడ కొనాలో మూడు వారాలు ఆలోచించిన పెద్దమనుషులు ఏది కొనాలో కాఫీ చల్లారేలోపు తేల్చేశారు. అలా పుట్టాను నేను. బోగీ 263, సీటు 45, కిటికీ పక్క.

ఆయన నన్ను ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. విమానంలో మాటిమాటికీ తడిమి చూసుకున్నారు. ఒక కాగితాన్ని అంత నమ్ముకున్న మనిషి గుండె పక్కన ఉండటం నాకు భయంగానే ఉంది. దారిలో విమానం మారాల్సిన చోట పొగమంచు. మ్యూనిక్ స్టేషనుకి ఆయన రొప్పుతూ చేరేసరికి మా రైలు వెళ్ళిపోయింది.

కౌంటరులో కళ్ళద్దాలావిడకి నన్ను చూపించి, వేలు పెట్టి మరీ చెప్పారు. "కన్ఫర్మ్ అయిందమ్మా. ఇదిగో సీటు."

"ఆ సీటు ఇప్పటికి సరిహద్దు దాటిపోయుంటుందండీ" అంది ఆవిడ. ఎగతాళిగా కాదు, జాలిగానే. "ఇది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. రెండో రకం తీసుకుని ఉంటే తర్వాతి రైలెక్కేవారు."

ఆయన కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయారు. వెనక లైను పెరుగుతోంది. రేపు పొద్దున ఆపరేషను. "ఇన్నక్కా" అని గొణుక్కోవడం నాకొక్కదానికే వినిపించింది. ఆవిడే కంప్యూటరులో వెతికి, ఇవాళ ఇంకొక్క రైలుందని, అదే చివరిదని చెప్పింది. కొత్త టికెట్టు చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"దీనిమీద నంబరు లేదమ్మా. ఎక్కడ కూర్చోవాలి?"

ఆవిడ వింతగా చూసింది. "ఖాళీ ఉన్నచోట."

రైలు కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర బ్యాగు పట్టుకుని ఊగుతున్న ఆయన్ని చూసి, ఒక తల్లి నిద్రపోతున్న పాపను ఒళ్ళోకి తీసుకుని పక్క సీటు చూపించింది. ఆయన కూర్చున్నారు గాని, స్టేషను వచ్చినప్పుడల్లా సీటుగలవాళ్ళు వస్తారేమోనని సగం లేచేవారు. ఆ తల్లి ప్రతిసారీ ఆయన మోచేతి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. కొండలూ మంచూ కిటికీలో పోతూనే ఉన్నాయి. ఆయన ఒక్కసారీ అటు చూడలేదు.

వెరోనాలో సిస్టర్ జొవాన్నా ప్లాట్‌ఫారం మీదే కాచుకుని ఉంది.

పొద్దున ఆపరేషను గదిలో, వాళ్ళు తొడిగిన పచ్చ గౌను కింద, ఆయన జేబులోనే ఉన్నాను. ఇన్నమ్మ మంచం అంచు పట్టుకుని వణుకుతోంది. ఆయన ఆమె చెయ్యి అందుకున్నారు.

"కదలకక్కా. కాసేపే."

వణుకు ఆగింది. "ఎవురయ్యా? తెలుగోడివా?"

"అవునక్కా."

"మాదీ తెలుగే" అంది ఆమె, ఊపిరి వదిలి. ఆ తర్వాత కదల్లేదు.

మర్నాడు కట్టు విప్పారు. మొదటి కన్ను. ఆమె గోడను చూసింది, శిలువను చూసింది, తర్వాత ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆయన గుండె నన్ను గట్టిగా తడుతోంది.

"నీకు మా నాయన పోలికలుండయ్యే" అందామె. "ఫిరంగిపురమా?"

"ఫిరంగిపురమే."

"మా తమ్ముడొస్తానన్నాడు. వాడొచ్చిందాకా ఉంటావా అయ్యా?"

ఆయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు. "ఉంటానక్కా."

రెండో కన్నూ అయింది, వీసా ఉన్నన్నాళ్ళూ ఉన్నారు. అన్నం మెత్తగా కలిపి పెట్టారు, జపమాల చెప్పించారు. ఒక్కసారి కూడా ఆమె ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. బయల్దేరే రోజు నన్ను జేబులోంచి తీశారు. చించి పారేస్తారనుకున్నాను. నన్ను బోర్లించి, వెనక ఉన్న తెల్లటి జాగాలో ఆమె మాటలు రాశారు. నెప్పి. దప్పిక. సలి. బయం. ఒక్కొక్కదాన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో మళ్ళీ రాస్తే, పక్కన సిస్టర్ జొవాన్నా ఇటాలియన్ రాసింది. నన్ను మంచం పక్క గోడకి అంటించారు. సీటు నంబరు గోడవైపుకి పోయింది.

ఆయన వెళ్ళిన సాయంత్రం ఇన్నమ్మ ఏదో గొణిగింది. కొత్తగా చేరిన చిన్న సిస్టరు పరిగెత్తుకొచ్చి, నా మీద వేలు పెట్టి వెతికి, "సలి?" అంది.

ఇన్నమ్మ గభాలున తల తిప్పింది. "ఆఁ, సలే తల్లీ. దుప్పటి కప్పు."

ఇప్పుడు ఆమె అరవదు. అడిగింది అందుతోంది. రోజూ పొద్దుగూకేవేళ మాత్రం ఇంకొకటి అడుగుతుంది. తమ్ముడెప్పుడొస్తాడని. చిన్న సిస్టరు నా మీద పైనుంచి కిందికి వేలు జరుపుతుంది, మళ్ళీ కిందినుంచి పైకి. ఆ మాట ఆయన నామీద రాయలేదు.